రెట్రోఆర్చ్‌లో ఒక బటన్ సరిచేస్తే ఇంకోటి చెడిపోతోందా? తప్పు ఏ అంచెలో ఉందో ముందు పట్టుకోండి

మీ ప్రశ్నలో నాలుగు ఫిర్యాదులు కలిసిపోయాయి, ముందు వాటిని విడదీస్తాను. విండోస్ ల్యాప్‌టాప్‌లో రెట్రోఆర్చ్ (పాత గేమ్ మెషీన్ల గేములని కంప్యూటర్‌లో ఆడించే ఎమ్యులేటర్ ప్రోగ్రామ్), బజార్లో కొన్న రెండు చవక యూఎస్‌బీ గేమ్‌ప్యాడ్‌లు. మారియోలో గెంతే బటన్‌ని చేతికి అందే చోటికి మార్చుకుంటే ప్లేస్టేషన్ 1 గేముల్లో బటన్లన్నీ తారుమారయ్యాయి. సేవ్ చేసిన ప్రొఫైల్ మర్నాడు తెరిచేసరికి మాయం. ఎడమ స్టిక్ ఒక రోజు పనిచేస్తుంది, ఒక రోజు మొండికేస్తుంది. తమ్ముడు రెండో ప్యాడ్ తగిలించగానే అంతా కలగాపులగం. వీటికి తోడు ‘ఎన్నిసార్లు మ్యాపింగ్ చేసినా మళ్లీ మొదటికే వస్తోంది’ అన్నారు.

మీ ఇబ్బందుల్లో సగం ఆ ‘ఎన్నిసార్లు మ్యాపింగ్ చేసినా’ దగ్గరే పుట్టాయి. ఇంకోసారి మ్యాపింగ్ చేయకండి. ముందు తప్పు ఎక్కడుందో చూద్దాం.

మీరు బటన్ నొక్కడానికీ తెరమీద బొమ్మ గెంతడానికీ మధ్య మూడు అంచెలున్నాయి. మీ ప్యాడ్‌కి ‘గెంతు’ అన్న సంగతే తెలియదు, ఫలానా నంబర్ బటన్ నొక్కారని మాత్రమే విండోస్‌కి చెబుతుంది. రెట్రోఆర్చ్ ఆ నంబర్‌ని తన దగ్గరున్న ఒక ఊహాప్యాడ్ మీది బటన్‌గా మారుస్తుంది. ఆ ఊహాప్యాడ్ పేరు రెట్రోప్యాడ్. దీని అమరిక సూపర్ నింటెండోది: కింద బీ, కుడివైపు ఏ, ఎడమవైపు వై, పైన ఎక్స్. దానికి స్టిక్‌లు, ఎల్2, ఆర్2, ఎల్3, ఆర్3 అదనంగా చేర్చారు. నంబర్‌ని రెట్రోప్యాడ్ బటన్‌గా మార్చే ఈ పని ఆటోకాన్ఫిగ్ ప్రొఫైల్‌ది. ఇది మొదటి అంచె. రెట్రోప్యాడ్ బటన్‌ని పాత మెషీన్ బటన్‌గా మార్చేది రెండో అంచె, దాన్నే రీమ్యాప్ అంటారు. ఇక మూడోది, ‘నాకు ఏ రకం కంట్రోలర్ తగిలించారు’ అని కోర్ (రెట్రోఆర్చ్ లోపల ఒక్కో పాత మెషీన్‌లా నడిచే భాగం) అనుకోవడం. మామూలు ప్యాడా, స్టిక్‌లున్న ప్లేస్టేషన్ ప్యాడ్ డ్యుయల్‌షాకా, ఆరు బటన్ల ప్యాడా అన్నది ఇక్కడ తేలుతుంది.

మీరు చేసిందేమిటంటే, మారియో ఒక్కదానికి కావలసిన మార్పుని మొదటి అంచెలో చేశారు. మొదటి అంచె అన్ని కోర్లకీ ఉమ్మడి. అక్కడ వేలు పెడితే మారియో బాగుపడి మిగతా గేములన్నీ చెడతాయి. పీఎస్1 గేముల కోసం మళ్లీ అక్కడే సర్దారు, ఈసారి మారియో చెడింది. ఇలా ఎంతసేపు తిరిగినా తేలదు.

తప్పు ఏ అంచెలో ఉందో తేల్చడానికి నేను ముందుగా వాడేది కీబోర్డ్. ప్యాడ్‌ని పూర్తిగా పీకేసి కీబోర్డ్‌తో గేమ్ ఆడి చూడండి. రెట్రోఆర్చ్ మొదట్నుంచీ కీబోర్డ్‌ని కూడా రెట్రోప్యాడ్‌గా వాడుకుంటుంది: జెడ్ అంటే బీ, ఎక్స్ అంటే ఏ, ఏ అంటే వై, ఎస్ అంటే ఎక్స్, ఎంటర్ అంటే స్టార్ట్, కుడి షిఫ్ట్ అంటే సెలెక్ట్, దిక్కులకి బాణం గుర్తులు. ప్యాడ్ ప్రొఫైల్ కీబోర్డ్‌కి వర్తించదు, రీమ్యాప్ మాత్రం కీబోర్డ్‌కీ వర్తిస్తుంది. కాబట్టి కీబోర్డ్‌తో గేమ్ సరిగ్గా ఆడగలిగి ప్యాడ్‌తో మాత్రం తేడా వస్తే తప్పు మొదటి అంచెలోనే. కీబోర్డ్‌తోనూ తేడాగా ఉంటే ప్యాడ్ ప్రొఫైల్‌ని ముట్టుకోనక్కర్లేదు, రీమ్యాప్ గానీ కంట్రోలర్ రకం గానీ చూడాలి. రెండు నిమిషాల పని, కానీ దీన్ని చేయకుండానే అందరూ ‘సెట్ ఆల్ కంట్రోల్స్’ మీదికి వెళ్లిపోతారు.

మీరు చెప్పిన లక్షణాలని బట్టి మీకు మొదటి అంచెలోనే ఎక్కువ గందరగోళం ఉంది, కాబట్టి దాని గురించి కాస్త వివరంగా రాస్తాను.

ప్యాడ్ తగిలించగానే తెర కింది మూలలో ఒక వరుస కనబడి మాయమవుతుంది. ప్యాడ్ పేరు, ఫలానా పోర్ట్‌లో (అంటే ఎన్నో ఆటగాడి స్థానంలో) కాన్ఫిగర్ అయింది అని ఉంటుంది, లేదా కాన్ఫిగర్ కాలేదని ఉంటుంది. దాన్ని చదవండి. రెట్రోఆర్చ్ ప్రొఫైల్‌ని వెతికేటప్పుడు చూసేది ప్యాడ్ పేరు, తయారీదారు నంబర్, ప్రొడక్ట్ నంబర్, వాటితోపాటు మీరు వాడుతున్న కంట్రోలర్ డ్రైవర్. డ్రైవర్ మార్చితే బటన్ నంబర్లు కూడా మారిపోతాయి. అందుకే ఆటోకాన్ఫిగ్ ఫోల్డర్‌లో ఒక్కో డ్రైవర్‌కి ఒక్కో ఉపఫోల్డర్ ఉంటుంది. ‘ఎక్స్‌ఇన్‌పుట్ నుంచి డీఇన్‌పుట్‌కి మార్చి చూడు’ అని ఎవరో సలహా ఇచ్చారని రాశారు (విండోస్‌లో ప్యాడ్‌ని చదివే రెండు డ్రైవర్లివి), దాన్ని వెనక్కి తిప్పేయండి. విండోస్‌లో ఎక్స్‌ఇన్‌పుట్ డ్రైవర్ పెట్టినా రెట్రోఆర్చ్ పాతరకం ప్యాడ్‌లని చదువుతుంది. పైగా రేపు మీరు ఎక్స్‌బాక్స్ కంట్రోలర్ కొని డీఇన్‌పుట్‌లో తగిలిస్తే రెండు ట్రిగ్గర్లూ ఒకే యాక్సిస్‌గా (ఎంత నొక్కారో, ఎంత కదిపారో చెప్పే కొలతగా) కనబడతాయి. రెండూ ఒకేసారి నొక్కితే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. కార్ రేసులు ఆడేవాళ్లకి అది నరకం.

ఇప్పుడు ప్యాడ్ సంగతి. డబ్బా మీద ఏ పేరున్నా, మన బజార్లలో దొరికే చవక ప్యాడ్‌లలో చాలావాటి లోపలి చిప్ డ్రాగన్‌రైజ్‌ది. తయారీదారు, ప్రొడక్ట్ నంబర్లు 0079, 0006. కంప్యూటర్‌కి అది ‘జెనరిక్ యూఎస్‌బీ జాయ్‌స్టిక్’ అని పరిచయం చేసుకుంటుంది. ఒకే నంబర్, ఒకే పేరు, కానీ బటన్ల వైరింగ్ మాత్రం తయారుచేసినవాళ్ల ఇష్టం. ఒక ప్యాడ్‌లో పై బటన్ ఒకటో నంబర్ అయితే, ఇంకో ప్యాడ్‌లో ఎడమ బటన్ ఒకటో నంబర్. రెట్రోఆర్చ్‌తో వచ్చే ప్రొఫైల్ వాటిలో ఏదో ఒక వైరింగ్ చూసి రాసింది. మీ ప్యాడ్ ఆ రకం కాకపోతే ‘కాన్ఫిగర్ అయింది’ అనే చెబుతుంది, బటన్లు మాత్రం అడ్డదిడ్డంగా వస్తాయి. ఇందులో సాఫ్ట్‌వేర్ తప్పేం లేదు, దానికి తేడా తెలిసే దారి లేదు.

మీ ప్యాడ్ నిజంగా ఏ నంబర్లు పంపుతోందో చూడాలంటే విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో జాయ్ డాట్ సీపీఎల్ అని ఇంగ్లిష్‌లో టైప్ చేయండి. గేమ్ కంట్రోలర్స్ అన్న చిన్న కిటికీ తెరుచుకుంటుంది. మీ ప్యాడ్ ఎంచుకుని ప్రాపర్టీస్ నొక్కితే గుండ్రటి నంబర్లు కనబడతాయి. ప్యాడ్‌లో ఏ బటన్ నొక్కితే ఆ నంబర్ ఎర్రగా వెలుగుతుంది. ముందు కింద, కుడి, ఎడమ, పైన బటన్లు, ఆ తర్వాత భుజాల దగ్గరివి, ఒక్కొక్కటీ నొక్కి కాగితం మీద రాసుకోండి. ఒక మెలిక ఉంది: విండోస్ ఒకటి నుంచి లెక్కపెడుతుంది, రెట్రోఆర్చ్ సున్నా నుంచి. ఇక్కడ 3 వెలిగితే రెట్రోఆర్చ్‌లో అది 2. ఫైల్‌ని చేత్తో దిద్దేవాళ్లు ఇక్కడే బోల్తాపడతారు.

అదే కిటికీలో మీ ఎడమ స్టిక్ మిస్టరీ కూడా తేలిపోతుంది. ప్యాడ్ మధ్యలో ‘అనలాగ్’ అనో ‘మోడ్’ అనో ఒక బటన్, పక్కనే చిన్న ఎర్ర లైటు ఉందా? దాన్ని నొక్కుతూ చూడండి. చాలా ప్యాడ్‌లలో లైటు వెలిగి ఉన్నప్పుడు దిక్కుల ప్లస్ బటన్ ‘హ్యాట్’గా (దిక్కుల స్విచ్‌గా), ఎడమ స్టిక్ యాక్సిస్‌గా వెళ్తాయి. లైటు ఆరిపోతే ప్లస్ బటనే యాక్సిస్‌గా వెళ్లడం మొదలవుతుంది. కుడి స్టిక్ అయితే కొన్నిటిలో మామూలు నాలుగు బటన్లలాగా పనిచేస్తుంది. అంటే మీ చేతిలో ఉన్నది ఒక ప్యాడ్ కాదు, లైటుని బట్టి రెండు ప్యాడ్‌లు. లైటు వెలిగినప్పుడు ప్రొఫైల్ చేసి, లైటు ఆరినప్పుడు ఆడితే ఏదీ కలవదు. చాలా ప్యాడ్‌లు పీకి మళ్లీ పెట్టగానే ఏదో ఒక స్థితికి వాటంతట అవే వెళ్లిపోతాయి, మీకు ‘ఒక రోజు పనిచేస్తుంది, ఒక రోజు చేయదు’ అనిపించేది ఇందుకే. లైటు వెలిగించే ప్రొఫైల్ చేయండి, ఆడేముందు లైటు చూసుకోండి.

అలా ప్రతిసారీ చూసుకోవడం విసుగనిపిస్తే ఒక కిటుకుంది. ప్రొఫైల్ ఫైల్‌లో ప్రతి దిక్కుకీ రెండు వరుసలు ఉండొచ్చు, ఒకటి హ్యాట్‌కి, ఒకటి యాక్సిస్‌కి. ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి రెండూ రాస్తే లైటు ఎలా ఉన్నా దిక్కులు పనిచేస్తాయి. నింటెండో, సెగా గేములకి ఇది హాయిగా ఉంటుంది. స్టిక్ వాడే పీఎస్1 గేముల్లో మాత్రం స్టిక్ కదిపితే ప్లస్ బటన్ కూడా నొక్కినట్టవుతుంది, కాబట్టి అవి ఎక్కువగా ఆడేట్టయితే వద్దు.

ఇక సేవ్ చేసినవి మాయమవడం. సెట్టింగ్స్, ఇన్‌పుట్, రెట్రోప్యాడ్ బైండ్స్, పోర్ట్ 1 కంట్రోల్స్ దగ్గర మీరు ఒక్కో బటన్ నొక్కి పెట్టినవి ముందు ఆ పోర్ట్‌కి సొంత బైండ్స్ (ఏ బటన్‌కి ఏది అన్న అమరికలు) అవుతాయి. అవి రెట్రోఆర్చ్ సీఎఫ్‌జీ ఫైల్‌లోకి వెళ్తాయి, అదీ ప్రోగ్రామ్‌ని సవ్యంగా మూసినప్పుడు, ‘సేవ్ కాన్ఫిగరేషన్ ఆన్ ఎగ్జిట్’ ఆన్‌లో ఉంటేనే. టాస్క్ మేనేజర్ నుంచి చంపేసినా, మధ్యలో క్రాష్ అయినా పోతాయి. అదే చోట ‘సేవ్ కంట్రోలర్ ప్రొఫైల్’ నొక్కితే మాత్రం ఆటోకాన్ఫిగ్ ఫోల్డర్‌లో వేరే ఫైల్ తయారవుతుంది. మీరు రెట్రోఆర్చ్‌ని ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లో పెట్టానన్నారు. అక్కడ మామూలు అనుమతులతో నడిచే ప్రోగ్రామ్‌ని ఫైళ్లు రాయనివ్వదు విండోస్. ఆ ఫోల్డర్ మొత్తాన్ని సీ డ్రైవ్‌లోనో డీ డ్రైవ్‌లోనో విడిగా పెట్టండి. మీ మాయం సమస్య అక్కడికక్కడే పోతుందని నా అంచనా.

దీని వెనకే ఇంకో చిక్కుంది. పోర్ట్‌కి పెట్టిన సొంత బైండ్స్ ఆటోకాన్ఫిగ్ ప్రొఫైల్ కంటే పైన కూర్చుంటాయి. ఎప్పుడో ప్రయోగానికి నొక్కిన బటన్లు అక్కడ మిగిలిపోతే, కొత్త ప్రొఫైల్ ఎంత బాగున్నా దాని ముఖం కూడా చూడదు రెట్రోఆర్చ్. కాబట్టి మీరు చేయాల్సిన మొదటి పని పోర్ట్ 1, పోర్ట్ 2 రెండిటిలోనూ ‘రీసెట్ టు డిఫాల్ట్ కంట్రోల్స్’ నొక్కడం. ఆ తర్వాత ఎర్ర లైటు వెలిగించి, ‘సెట్ ఆల్ కంట్రోల్స్’తో ఒక్కసారి మ్యాప్ చేయండి. ఇక్కడ బటన్ మీద ముద్రించిన అక్షరాన్ని గానీ అంకెని గానీ చూడకండి, స్థానం చూడండి. బీ అడిగితే కింది బటన్, ఏ అడిగితే కుడి బటన్, వై అడిగితే ఎడమది, ఎక్స్ అడిగితే పైది. ‘సేవ్ కంట్రోలర్ ప్రొఫైల్’ నొక్కండి. మళ్లీ రీసెట్ చేసి, ప్యాడ్ పీకి తగిలించి, కింద వరుసలో ‘కాన్ఫిగర్’ అని వచ్చిందో లేదో చూడండి. మీ ఫైల్‌కి ఒక నకలు వేరేచోట దాచుకోండి. ఆన్‌లైన్ అప్‌డేటర్‌లో కంట్రోలర్ ప్రొఫైల్స్‌ని అప్‌డేట్ చేసినప్పుడు అదే పేరున్న ఫైల్ మీద కొత్తది వచ్చి కూర్చుంటుంది.

మెనూలో ఓకే, క్యాన్సిల్ తారుమారైతే ఈ ప్రొఫైల్‌ని మళ్లీ కెలకకండి. దానికి ‘మెనూ స్వాప్ ఓకే అండ్ క్యాన్సిల్ బటన్స్’ అని వేరే సెట్టింగ్ ఉంది.

మొదటి అంచె ఇలా గట్టిపడ్డాక మారియో సంగతి చిటికెలో అయిపోతుంది. ఎన్‌ఈఎస్‌లో (మారియో ఆడే పాత నింటెండో మెషీన్) ఏ అంటే గెంతు, బీ అంటే పరుగు. రెట్రోప్యాడ్‌లో ఏ కుడివైపు, బీ కింద. బొటనవేలు బీ మీద ఆనించి ఏ నొక్కాలంటే వేలు వంకర తిరుగుతుంది. చాలామంది కోరుకునేది కింది బటన్‌తో గెంతు, ఎడమ బటన్‌తో పరుగు. గేమ్ నడుస్తుండగా ఎఫ్1 నొక్కి క్విక్ మెనూ, కంట్రోల్స్, పోర్ట్ 1 కంట్రోల్స్‌లోకి వెళ్లి బీ ఎదురుగా ఏ, వై ఎదురుగా బీ పెట్టండి. తర్వాత మేనేజ్ రీమ్యాప్ ఫైల్స్‌లో ‘సేవ్ కోర్ రీమ్యాప్ ఫైల్’. అంతే, ఎన్‌ఈఎస్ కోర్‌లో ఆడే అన్ని గేములకీ ఇదే వస్తుంది, పీఎస్1 కోర్‌కి దీంతో పనిలేదు. ఒక్క గేమ్‌కే కావాలంటే గేమ్ రీమ్యాప్, ఒక ఫోల్డర్‌లోని గేములకయితే కంటెంట్ డైరెక్టరీ రీమ్యాప్. మూడూ ఉంటే గేమ్‌ది గెలుస్తుంది, తర్వాత ఫోల్డర్‌ది, ఆఖర్న కోర్‌ది. ‘కోర్ రీమ్యాప్ మార్చాను, ఈ ఒక్క గేమ్ మారట్లేదు’ అని ఎప్పుడైనా అనిపిస్తే, ఆ గేమ్ పేరుతో పాత ఆర్‌ఎంపీ (రీమ్యాప్) ఫైల్ ఒకటి కాన్ఫిగ్ ఫోల్డర్‌లోని రీమ్యాప్స్‌లో దాక్కుని ఉందన్నమాట. దాన్ని తీసేయండి. ఓవర్‌రైడ్స్ అని పక్కనే ఇంకో వ్యవహారం కనబడుతుంది. అది వీడియో, ఆడియో లాంటి సెట్టింగుల కోసం. బటన్ల కోసం దాన్ని వాడకపోవడం మంచిది.

మూడో అంచెలో మీకు తగిలేది పీఎస్1 స్టిక్. పీఎస్1 గేములు నడిపే బీటిల్ పీఎస్‌ఎక్స్ కోర్ మొదట తగిలించుకునేది స్టిక్‌లు లేని పాత ప్లేస్టేషన్ కంట్రోలర్. మీ ప్రొఫైల్ ఎంత చక్కగా ఉన్నా స్టిక్ కదలదు. క్విక్ మెనూలో పోర్ట్ 1 కంట్రోల్స్‌లో పైనే ఉన్న ‘డివైస్ టైప్’ని డ్యుయల్‌షాక్‌కి మార్చండి, మార్చాక రీమ్యాప్ సేవ్ చేయండి. డివైస్ టైప్ కూడా ఆ ఆర్‌ఎంపీ ఫైల్‌లోనే ఉంటుందని చాలామందికి తెలియదు, మార్చేసి సేవ్ చేయకుండా మూసేస్తారు. అప్పటికీ స్టిక్ కదలకపోతే కోర్ ఆప్షన్స్‌లో అనలాగ్ మోడ్ మార్చే కాంబినేషన్ చూడండి, అసలు డ్యుయల్‌షాక్ మీద ఉండే అనలాగ్ బటన్‌కి అది బదులు. డ్యుయల్‌షాక్ 1997 చివర్లో జపాన్‌లో వచ్చింది. అంతకుముందు గేములు కొన్నిటికి అనలాగ్ మోడ్‌లో ఉన్న ప్యాడ్ అసలు ప్యాడ్‌లాగే కనబడదు. అలాంటి గేమ్‌కి మాత్రం పాత కంట్రోలర్‌నే ఉంచి గేమ్ రీమ్యాప్‌గా సేవ్ చేయండి. స్టిక్‌తోనే ఆడాలనుంటే ‘అనలాగ్ టు డిజిటల్ టైప్’లో లెఫ్ట్ అనలాగ్ పెడితే స్టిక్ ప్లస్ బటన్‌లా పనిచేస్తుంది. సెగా మెగాడ్రైవ్‌లోనూ ఇదే తంతు, మూడు బటన్ల ప్యాడ్ కాలంలో వచ్చిన గేములు కొన్ని ఆరు బటన్ల ప్యాడ్ చూసి తికమకపడతాయి.

మీ తమ్ముడి ప్యాడ్ గురించి. రెండు ప్యాడ్‌లూ వేరే వేరే కంపెనీలవి, కానీ రెండూ అదే డ్రాగన్‌రైజ్ పేరు, నంబర్లు చెబుతున్నాయేమో చూడండి: పేరు జాయ్ డాట్ సీపీఎల్‌లో, నంబర్లు డివైస్ మేనేజర్‌లో హార్డ్‌వేర్ ఐడీల దగ్గర కనబడతాయి. అలా అయితే ఆటోకాన్ఫిగ్‌కి రెండూ ఒకటే. ఒకదానికి ప్రొఫైల్ సేవ్ చేస్తే రెండోదాని ప్రొఫైల్ మీద పడుతుంది. దీనికి పూర్తి మందు లేదు. పనికొచ్చే సర్దుబాటు ఇది: మీ ప్యాడ్‌కి ఆటోకాన్ఫిగ్ ఉంచండి, తమ్ముడిదానికి పోర్ట్ 2లో సొంత బైండ్స్ పెట్టండి. ఇందాక చెప్పినట్టు సొంత బైండ్స్ పైన కూర్చుంటాయి కదా, ఇక్కడ అదే మనకి లాభం. షరతు ఒకటే, ఏ ప్యాడ్ ఏ పోర్ట్‌కి వెళ్తుందో మారకూడదు. ప్రతిసారీ అవే యూఎస్‌బీ రంధ్రాల్లో, అదే వరుసలో తగిలించండి. అటూ ఇటూ అయితే పోర్ట్ కంట్రోల్స్‌లో ‘డివైస్ ఇండెక్స్’ మార్చుకోవాలి. ఇద్దరూ నొక్కినా ఒకే బొమ్మ కదిలితే రెండు పోర్ట్‌లకీ ఒకే డివైస్ ఇండెక్స్ పడిందో లేదో అక్కడే చూడండి. కొత్త వెర్షన్లలో ఫలానా ప్యాడ్ ఫలానా ఆటగాడికే అని రిజర్వ్ చేసే వీలొచ్చింది గానీ, ఒకే పేరు, ఒకే నంబర్ ఉన్న కవలలకి అది అక్కరకు రాదు. ఈ ఒక్క కారణానికే, ఇద్దరు కలిసి ఆడే ఇంట్లో రెండో ప్యాడ్ వేరే రకం కొనమంటాను.

పీఎస్2 కోసం పీసీఎస్‌ఎక్స్2 కూడా పెట్టాలనుకుంటున్నానన్నారు. దానికి రెట్రోఆర్చ్ ప్రొఫైళ్లతో సంబంధం లేదు, బైండ్స్ అన్నీ దానిలోనే వేరుగా ఉంటాయి. అక్కడ ప్యాడ్‌ని వరుస నంబర్‌తో గుర్తుపెట్టుకుంటుంది, ఎస్‌డీఎల్ సున్నా, ఎస్‌డీఎల్ ఒకటి అని. వరుస మారితే బటన్లన్నీ చచ్చినట్టు కనబడతాయి, ఆటోమేటిక్ మ్యాపింగ్ నొక్కి ప్యాడ్‌ని మళ్లీ ఎంచుకుంటే సరి. గేమ్‌కో ప్రొఫైల్ కావాలంటే ఆ గేమ్ ప్రాపర్టీస్‌లో ఇన్‌పుట్ ప్రొఫైల్ ఎంచుకోవచ్చు. గేమ్‌క్యూబ్, వీ గేముల ఎమ్యులేటర్ డాల్ఫిన్‌లో అయితే పైన డివైస్ పేరు పక్కన ‘డిస్‌కనెక్టెడ్’ అని ఉంటే ప్రొఫైల్ లోడ్ చేసినా లాభం లేదు, ముందు జాబితాలోంచి సరైన డివైస్ ఎంచుకోవాలి.

వీటిలో దేనిలోనైనా ఒక్కసారి నొక్కితే రెండుసార్లు నొక్కినట్టు వస్తే స్టీమ్ (పీసీ గేములు కొని ఆడే ప్రోగ్రామ్) వెనకాల నడుస్తోందేమో చూడండి. స్టీమ్ ఇన్‌పుట్ మీ ప్యాడ్‌ని పట్టుకుని ఒక నకిలీ ఎక్స్‌బాక్స్ ప్యాడ్‌ని తయారుచేస్తుంది, ఎమ్యులేటర్‌కి అసలుదీ నకిలీదీ రెండూ కనబడతాయి. స్టీమ్‌ని పూర్తిగా మూసి చూడండి.

ఇవన్నీ చేశాక కూడా తేడా మిగిలితే నాకు మూడు విషయాలు రాయండి: ప్యాడ్ తగిలించినప్పుడు తెర కింద వచ్చిన వరుస ఉన్నదున్నట్టు, జాయ్ డాట్ సీపీఎల్‌లో నాలుగు బటన్ల నంబర్లు లైటు వెలిగినప్పుడూ ఆరినప్పుడూ విడివిడిగా, కీబోర్డ్‌తో ఆడినప్పుడు ఆ గేమ్ ఎలా ఉందో. ఆ గేమ్ ఏ కోర్‌లో నడుపుతున్నారో కూడా చెప్పండి.